సిథియన్ల మట్టిదిబ్బలు, కీవ్ రుస్ రాజ్యం – ఉక్రెయిన్ ప్రజల ప్రాచీన వారసత్వం



2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీద దండెత్తింది. అప్పటి నుండి ఆ దేశం పేరు మన ఊళ్ళలో కూడా బాగా వినబడింది. అక్కడ మెడిసిన్ చదువుతున్న మన తెలుగు పిల్లలను 'ఆపరేషన్ గంగ' విమానాల్లో వెనక్కి తీసుకొచ్చారు. సినిమా అభిమానులకైతే అంతకు ముందే కీవ్ నగరంతో ఒక పరిచయం ఉంది. 'నాటు నాటు' పాటను 2021లో అక్కడి మారిన్‌స్కీ ప్యాలెస్ ముందే తీశారు. కానీ ఆ ప్రజలెవరు, వాళ్ళ పూర్వీకులెవరు అని అడిగితే మనలో చాలామంది దగ్గర జవాబు ఉండదు.

ఈ ప్రశ్న పరీక్షలో రెండు మార్కుల బిట్ మాత్రమే కాదు. 2021 జూలైలో రష్యా అధ్యక్షుడు పుతిన్ ఒక పెద్ద వ్యాసం ప్రచురించాడు. రష్యన్లు, ఉక్రేనియన్లు వేరు వేరు జాతులు కాదు, ఇద్దరూ ఒకే ప్రజ అని దాని సారాంశం. అందులో ఎక్కువ భాగం చరిత్రే. ఆ తర్వాత ఏడు నెలలకు యుద్ధం మొదలైంది. వెయ్యేళ్ళ కిందటి రాజుల కథ నేటి మనుషుల ప్రాణాల మీదికి వచ్చిందన్నమాట. అందుకే ఈ సంచికకు ఈ అంశం ఎంచుకున్నాను.

మనకు తెలిసిన శకులు, మనకు తెలియని సిథియన్లు

నల్ల సముద్రానికి ఉత్తరాన కనుచూపు మేర చెట్టు లేని గడ్డిమైదానాలు ఉంటాయి. వాటిని స్టెప్పీలు అంటారు. క్రీ.పూ. 7వ శతాబ్దం నుండి క్రీ.పూ. 3వ శతాబ్దం దాకా ఆ మైదానాలను ఏలినవారు సిథియన్లు. గుర్రం మీద పుట్టి గుర్రం మీద పెరిగినట్లు బతికిన సంచార జాతి వారిది. వారు మాట్లాడింది ఇరానియన్ కుటుంబానికి చెందిన భాష. వారికి లిపి లేదు. అందువల్ల వారి గురించి మనకు తెలిసిందంతా రెండు చోట్ల నుండి వచ్చింది. ఒకటి ఇతరులు రాసినది, రెండోది భూమిలో దొరికినది.

గ్రీకులు సిథియన్లు అన్నవారిని పర్షియన్లు 'సక' అన్నారు. మొదటి డేరియస్ చక్రవర్తి నక్ష్-ఎ-రుస్తమ్ శాసనంలో మూడు రకాల సకలు కనిపిస్తారు. హోమ (అంటే మన వేదాల్లోని సోమ) తాగే సకలు, మొన టోపీల సకలు, సముద్రానికి ఆవలి సకలు. మన పాఠ్యపుస్తకాల్లోని శకులు ఈ విశాల కుటుంబంలో తూర్పు శాఖవారు. వారు మధ్య ఆసియా నుండి మన దేశంలోకి వచ్చారు గాని ఉక్రెయిన్ నుండి కాదు. ఈ తేడా గ్రూప్స్‌కు చదివే మిత్రులు గుర్తుంచుకోవాలి. నాసిక్ శాసనంలో గౌతమీ బాలశ్రీ తన కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి శక, యవన, పహ్లవులను నాశనం చేశాడని గర్వంగా చెప్పించింది. ఆ తర్వాత కొంతకాలానికే నాగార్జునకొండ ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి రాణుల్లో ఉజ్జయిని మహారాజు కూతురు రుద్రధర భట్టారిక కనబడుతుంది. ఆమె శక క్షత్రపుల ఇంటి ఆడపడుచు అని చరిత్రకారులు భావిస్తారు. నాగార్జునకొండ శిల్పాల్లో పొడవు చొక్కా, పాంటు, టోపీ వేసుకున్న శక సైనికుడి బొమ్మ కూడా ఉంది. నిన్న నాశనం చేశామన్నవాళ్ళు రేపటికి వియ్యంకులయ్యారు! ఉగాది పంచాంగం మొదటి పేజీలో మనం చదివే శాలివాహన శకం లెక్క క్రీ.శ. 78 నుండి మొదలవుతుంది.

ఇక నల్ల సముద్రం ఒడ్డు సిథియన్ల విషయానికి వద్దాం. వారి గురించి ఎక్కువగా రాసినవాడు హెరొడోటస్. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఈ గ్రీకు చరిత్రకారుడు తన గ్రంథం నాలుగో భాగంలో వారి సంగతులు చెప్పాడు. నేటి నీపర్ నదిని ఆయన బొరిస్తెనీస్ అన్నాడు. ఆకాశం నుండి బంగారు నాగలి, కాడి, గొడ్డలి, గిన్నె పడ్డాయట. పెద్దవాళ్ళిద్దరూ దగ్గరికి వెళితే అవి భగ్గున మండాయట. మూడోవాడు వెళ్ళేసరికి చల్లారాయట. అతడి వంశమే సిథియన్ రాజులని ఒక కథ. గుర్రాల మీద తిరిగే జాతి కథలో నాగలి, కాడి ఎందుకొచ్చాయి? హెరొడోటసే ఒక జవాబు ఇచ్చాడు. సిథియన్లందరూ సంచారులు కారు, వారిలో భూమి దున్నేవాళ్ళు కూడా ఉన్నారని, వాళ్ళు తినడానికి కాక అమ్మడానికి ధాన్యం పండించేవారని రాశాడు. ఉక్రెయిన్ నల్లరేగడి నేల గోధుమలు సముద్రం దాటి పోవడం నిన్న మొన్నటిది కాదన్నమాట.

క్రీ.పూ. 513 ప్రాంతంలో డేరియస్ పెద్ద సైన్యంతో వారి మీదికి వెళ్ళాడు. సిథియన్లు ఎదురు నిలబడలేదు. బావులు పూడుస్తూ, గడ్డి తగలబెడుతూ వెనక్కి వెనక్కి పోయారు. ఎందుకు పారిపోతున్నావని డేరియస్ అడిగించాడు. దానికి సిథియన్ రాజు ఇచ్చిన జవాబు నాకు బాగా నచ్చింది. మాకు కాపాడుకోవలసిన ఊళ్ళు లేవు, పొలాలు లేవు, అయితే మా తాతల సమాధులున్నాయి, వాటిని వెతికి ముట్టుకుని చూడు, అప్పుడు మేం పోరాడతామో లేదో తెలుస్తుంది అన్న అర్థంలో కబురు పంపాడు. తర్వాత ఒక పిట్ట, ఒక ఎలుక, ఒక కప్ప, ఐదు బాణాలు కానుకగా పంపారు. లొంగిపోయారని డేరియస్ మురిసిపోయాడు. అతని సలహాదారు మాత్రం అసలు సంగతి గ్రహించాడు. పిట్టలై ఎగరండి, ఎలుకలై కన్నాల్లో దూరండి, కప్పలై నీళ్ళలో దూకండి, లేకపోతే ఈ బాణాలకు చస్తారని దాని భావం. చివరికి పర్షియా సైన్యం ఒట్టి చేతులతో తిరిగి వెళ్ళింది.

లావు దిబ్బలో దొరికిన బంగారం

ఆ రాజు చెప్పిన తాతల సమాధులు నేటికీ ఉక్రెయిన్ మైదానాల్లో కొండల్లా కనిపిస్తాయి. వాటిని కుర్గాన్లు అంటారు. మన తెలంగాణ పల్లెల్లో రాక్షస గుళ్ళు ఎలాగో అక్కడ ఈ మట్టిదిబ్బలు అలాగ. 19వ శతాబ్దం నుండి తవ్వకాలు జరుగుతున్నాయి. 1830లో కెర్చ్ దగ్గర కుల్-ఒబా, 1863లో చెర్తోమ్లిక్, 1913లో సొలోఖా. వీటిలో దొరికిన గొప్ప వస్తువులన్నీ సెయింట్ పీటర్స్‌బర్గ్ లోని హెర్మిటేజ్ మ్యూజియానికి చేరాయి. సామ్రాజ్యం ఉన్నప్పుడు గొప్ప వస్తువులు రాజధానికి పోతాయి. అమరావతి స్తూపం పాలరాతి శిల్పాలు లండన్‌లో ఉన్న సంగతి మనకు తెలిసిందే కదా.

కానీ ఒకటి మాత్రం కీవ్‌లోనే మిగిలింది. 1971 జూన్ 21న పొక్రొవ్ పట్టణం దగ్గర 'తొవ్‌స్తా మొహిలా' అనే దిబ్బలో బొరిస్ మొజొలేవ్‌స్కీ ఒక బంగారు కంఠాభరణాన్ని కనుగొన్నాడు. 'లావు సమాధి' అని ఆ పేరుకు అర్థం. నగ బరువు కిలోకు పైనే, వెడల్పు 30 సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ. క్రీ.పూ. 4వ శతాబ్దానిది. మధ్య సమాధిని దొంగలు ఎప్పుడో దోచేశారు, కానీ దానికి వెళ్ళే దారిలో పడి ఉన్న ఈ నగ వాళ్ళ కంట పడలేదు.

దాని మీద మూడు వరుసల బొమ్మలున్నాయి. కింది వరుసలో రెక్కల సింహాల వంటి గ్రిఫిన్లు గుర్రాలను చీలుస్తుంటాయి. మధ్య వరుసంతా తీగలు, పూలు. పై వరుస చూస్తే మాత్రం మన ఊరి పశువుల కొట్టం గుర్తొస్తుంది. ఇద్దరు మగవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని గొర్రెతోలు చొక్కా కుట్టుకుంటున్నారు. వాళ్ళ అమ్ములపొదులు పక్కనే ఉన్నాయి. ఒకడు గొర్రెను పితుకుతున్నాడు. దూడ తల్లి పొదుగు కోసం చూస్తోంది. రాజు మెడలో వేసుకునే నగ మీద రాజు లేడు, గొర్రెల కాపరి ఉన్నాడు! దీన్ని గ్రీకు కంసాలులు చేసి ఉంటారని పండితుల అభిప్రాయం. అయితే చేయించుకున్నది సిథియన్లు, బొమ్మల్లో ఉన్న బతుకు సిథియన్లది.

మొజొలేవ్‌స్కీ గురించి తమ్ముళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆయన పల్లెటూరి రైతు కుటుంబంలో 1936లో పుట్టాడు. కీవ్‌లో ఏళ్ళ తరబడి బాయిలర్ మంట చూసుకునే కార్మికుడిగా పని చేస్తూనే కీవ్ విశ్వవిద్యాలయంలో చదివాడు. కవిత్వం కూడా రాశాడు. పేరున్న పెద్ద ఆచార్యులకు దొరకని అదృష్టం ఆ బాయిలర్ కార్మికుడికి దొరికింది. అదృష్టం అనడం కూడా తప్పేనేమో, దిబ్బలను ఆయన అంత ఓపిగ్గా తవ్వాడు.

అదే దిబ్బలో పక్క సమాధి ఒకటి దొరికింది. అందులో ఒళ్ళంతా బంగారంతో ఒక యువతి, ఆమె పక్కన చిన్న బిడ్డ, వాళ్ళ చుట్టూ పరిచారకుల అస్థిపంజరాలు ఉన్నాయి. సిథియన్ రాజు చనిపోతే ఒక ఉంపుడుగత్తెను, వంటవాడిని, గుర్రాలవాడిని, సేవకుడిని, కబురు మోసేవాడిని గొంతు నులిమి పక్కన పూడ్చేవారని హెరొడోటస్ రాసినది తవ్వకాల్లో చాలా వరకు నిజమని తేలింది. బానిసలను గుడ్డివాళ్ళను చేసి పాలు చిలికించేవారని కూడా ఆయన రాశాడు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేను. మా ముత్తాత పేరు వరకే మా ఇంట్లో తెలుసు, ఆ పైన ఎవరూ చెప్పలేరు. అందుకేనేమో, పురాతన వైభవం గురించి చదివినప్పుడల్లా నా కళ్ళు బంగారం మీద కంటే ఆ వంటవాడి ఎముకల మీద ఆగిపోతాయి. వారసత్వం అన్నప్పుడు ఆ దిబ్బలో రాజు వారసుడు ఎవరో వెతుకుతాం గాని గుర్రాలవాడి వారసుడు ఎవరని అడగం.

సిథియన్లు ఉక్రేనియన్ల తాతలేనా?

నేరుగా అవునని చెప్పలేం. క్రీ.పూ. 3వ శతాబ్దంలో సర్మేషియన్లు వచ్చి సిథియన్లను నెట్టేశారు. మిగిలినవాళ్ళు క్రిమియాలో, నేటి సింఫెరొపోల్ దగ్గర 'సిథియన్ నియాపోలిస్' రాజధానిగా మరికొన్ని వందల ఏళ్ళు బతికారు. తర్వాత గోత్‌లు, క్రీ.శ. 4వ శతాబ్దం చివర హూణులు వచ్చారు. స్లావు జాతులు చరిత్ర గ్రంథాల్లో స్పష్టంగా కనబడేది 6వ శతాబ్దంలోనే. ఉక్రేనియన్ భాష స్లావు భాష, సిథియన్ భాష ఇరానియన్ భాష. ఈ రెంటి మధ్య తల్లీబిడ్డల సంబంధం లేదు. పాత ఎముకల డీఎన్ఏ పరీక్షల్లో సిథియన్లు కూడా ఒకే రక్తం కారని, తూర్పు పడమరల నుండి వచ్చి కలిసిన మనుషులని తేలింది. హెరొడోటస్ చెప్పిన దున్నేవాళ్ళే స్లావుల పూర్వీకులని సోవియట్ చరిత్రకారుడు రిబకోవ్ వాదించాడు గాని దాన్ని అందరూ ఒప్పుకోలేదు.

అయితే ఏమీ మిగల్లేదా? మిగిలింది. నదుల పేర్లు చూడండి. డాన్, నీపర్, నీస్టర్, డాన్యూబ్. వీటన్నిటిలో 'దాను' అనే పాత మాట ఉందని, దానికి నీరు, నది అని అర్థమని భాషావేత్తలు చెబుతారు. ఋగ్వేదంలో కూడా 'దాను' ఉంది, తడి, బిందువు అనే అర్థంలో. స్లావు భాషల్లో దేవుడిని 'బోగ్' అంటారు. మన 'భగవంతుడు'లోని 'భగ'కు అది చుట్టమే. మనుషులు మారినా నది పేరు మారలేదు. కొత్తగా వచ్చినవాడు ఈ నది పేరేమిటని పాతవాడిని అడిగి ఉంటాడు, పాతవాడు జవాబు చెప్పి ఉంటాడు. అంటే ఇద్దరూ కొంతకాలం కలిసి బతికారు. నా దృష్టిలో ఉక్రెయిన్‌కు సిథియన్ వారసత్వం ఈ రకమైనది. అది నేల ద్వారా వచ్చింది, రక్తం ద్వారా వచ్చిందని నిరూపించడం కష్టం.

పూర్వీకులను ఎంచుకోవడం ఐరోపాలో పాత అలవాటు. పోలెండ్ జమీందార్లు 16, 17 శతాబ్దాల్లో మేం సర్మేషియన్ల వంశం అని చెప్పుకున్నారు. తమ కింద పనిచేసే రైతులు మాత్రం ఆ వంశం కారట! 1710లో హెత్మాన్ పిలిప్ ఓర్లిక్ రాజ్యాంగ పత్రంలో కొసాక్కులు తమను ఖజార్ల సంతతిగా చెప్పుకున్నారు.

రుస్ – ఒక పేరు, ఇద్దరు హక్కుదారులు

హైదరాబాదులో ఉర్దూ మాట్లాడేవాళ్ళు రష్యాను 'రూస్' అంటారు. ఈ చిన్న మాటలోనే పెద్ద తగాదా ఉంది. ఎందుకంటే 'రుస్' అనే పేరు మొదట కీవ్‌ది.

ఆ పేరు ఎక్కడి నుండి వచ్చింది? 839లో ఫ్రాంకుల చక్రవర్తి లూయీ ఆస్థానానికి 'రోస్' అనే జనం వచ్చారని, విచారిస్తే వాళ్ళు స్వీడన్‌వాళ్ళని తేలిందని ఒక లాటిన్ చరిత్ర చెబుతుంది. ఫిన్నిష్ భాషలో నేటికీ స్వీడన్‌ను 'రుయోత్సి' అంటారు. తెడ్డు వేసి పడవ నడిపేవాళ్ళు అని దాని మూలార్థం కావచ్చు. 10వ శతాబ్దంలో బైజాంటియమ్ చక్రవర్తి కాన్‌స్టాంటిన్ నీపర్ నది మీది ప్రమాదకరమైన జలపాతాల పేర్లను రెండు భాషల్లో ఇచ్చాడు. 'రోస్' భాషలో ఒకటి, స్లావు భాషలో ఒకటి. రోస్ పేర్లు స్కాండినేవియన్ మాటలు. ఆ ఉద్ధృతమైన నీళ్ళ దగ్గర పడవలను ఒడ్డుకు చేర్చి, సంకెళ్ళలో ఉన్న బానిసలను నడిపించుకుపోయేవారని కూడా ఆయనే రాశాడు. బొచ్చు, తేనె, మైనం, బానిసలు, ఇవీ రుస్ వ్యాపార సరుకులు.

పాలకులు పడవలవాళ్ళైనా ప్రజలు స్లావులు. రెండు మూడు తరాల్లో పాలకుల పేర్లు కూడా మారిపోయాయి. ఓలెగ్, ఈగోర్ అన్నవి స్కాండినేవియన్ పేర్లు, ఈగోర్ కొడుకు స్వ్యాతొస్లావ్ మాత్రం అచ్చమైన స్లావు పేరు. 1113 ప్రాంతంలో కీవ్ గుహల మఠంలో కూర్చిన ప్రాచీన వృత్తాంతం ప్రకారం కీవ్‌ను కియ్, ష్చెక్, ఖోరివ్ అనే ముగ్గురు అన్నదమ్ములు, లిబిద్ అనే చెల్లెలు స్థాపించారు. 882లో ఓలెగ్ దాన్ని పట్టుకున్నాడు. ఇక్కడే ఒక విశేషం. గ్రీకులు తమ దేశాన్ని 'మహా సిథియా' అంటారని అదే గ్రంథం చెప్పుకుంది. బైజాంటియమ్ రచయితలు రుస్ జనాన్ని 'టౌరో సిథియన్లు' అని రాశారు. 971లో స్వ్యాతొస్లావ్‌ను వర్ణించిన లియో డీకన్ అతడికి గుండు మీద ఒక పక్క జుట్టుపాయ, చెవికి పోగు ఉన్నాయన్నాడు. ఆరు వందల ఏళ్ళ తర్వాత ఉక్రెయిన్ కొసాక్కుల రూపమూ ఇదే. దీన్ని బట్టి ఇద్దరూ ఒకటేనని తీర్మానించకూడదు గాని, ఆ పోలిక చూసి ఉక్రేనియన్లు మురిసిపోతే తప్పు పట్టలేం.

988లో వొలొదిమిర్ క్రైస్తవ మతం స్వీకరించాడు. ఆయన కొడుకు యారొస్లావ్ కాలంలో కీవ్ ఐరోపాలో పెద్ద నగరాల్లో ఒకటి. సెయింట్ సోఫియా చర్చి ఇప్పటికీ నిలిచి ఉంది, 1990లో యునెస్కో జాబితాలో చేరింది. యారొస్లావ్ కూతురు అన్నా 1051లో ఫ్రాన్సు రాణి అయింది. 1063 నాటి ఒక పత్రం మీద ఆమె తన దేశపు లిపిలో చేసిన సంతకం ఉంది.

ఆ కాలంలోనే 'రుస్కా ప్రావ్దా' అనే చట్టం వచ్చింది. దాన్ని గొప్పగా చెబుతారు, గొప్పదే. పగకు పగ అనే పద్ధతి స్థానంలో జరిమానాలు తెచ్చింది. కానీ ఆ జరిమానాల పట్టిక చూడండి. యువరాజు పెద్ద అధికారిని చంపితే 80 హ్రివ్నాలు, మామూలు స్వతంత్రుడిని చంపితే 40, పల్లె రైతును గాని బానిసను గాని చంపితే 5. మనిషి పుట్టుకను బట్టి ప్రాణానికి ధర కట్టే లెక్కలు మన ధర్మశాస్త్రాల్లోనే ఉన్నాయనుకున్నాను, అక్కడా ఉన్నాయి.

1240 డిసెంబరులో బాతూ ఖాన్ మంగోలు సేనలు కీవ్‌ను నేలమట్టం చేశాయి. అసలు తగాదా ఇక్కడి నుండి మొదలవుతుంది. మాస్కో పేరు చరిత్రలో మొదట కనబడేది 1147లో. తర్వాతి శతాబ్దాల్లో అది బలపడి, రుస్ అంతటికీ వారసులం మేమే అంది. 1721లో మొదటి పీటర్ తన దేశాన్ని రష్యా సామ్రాజ్యంగా ప్రకటించాడు. కీవ్ జనం మంగోలు దాడి తర్వాత ఉత్తరానికి వలసపోయారని, ఇప్పటి ఉక్రేనియన్లు తర్వాత వచ్చినవాళ్ళని 1856లో పొగొదిన్ అనే చరిత్రకారుడు వాదించాడు. కానీ ఆ వాదానికి ఆధారాలు నిలబడలేదు. కీవ్ కాలినా పడమటి గలీసియా-వొలీనియా రాజ్యం బతికింది, దాని పాలకుడు దనీలో 1253లో కిరీటం కూడా ధరించాడు. అక్కడి ప్రజలు వందల ఏళ్ళు తమను 'రుసిన్లు' అనే పిలుచుకున్నారు. 'ఉక్రయినా' అనే మాట కూడా 1187 నాటికే కీవ్ వృత్తాంతంలో ఉంది.

దీన్నంతా పద్ధతిగా చెప్పినవాడు మిఖైలో హ్రుషెవ్‌స్కీ. 1904లో ఒక వ్యాసంలో, కీవ్‌కు మాస్కోకు ఉన్న సంబంధం రోముకు గాల్ దేశానికి ఉన్న సంబంధం వంటిదని పోల్చాడు. రోము చట్టం, మతం గాల్‌కు పోయాయి, అంతమాత్రాన రోము చరిత్ర ఫ్రాన్సు చరిత్ర కాదు. ఆయన రాసిన 'ఉక్రెయిన్-రుస్ చరిత్ర' పది సంపుటాలు. వొలొదిమిర్ నాణేల మీది త్రిశూలాన్ని 1918లో ఉక్రెయిన్ ప్రజా గణతంత్రం చిహ్నంగా తీసుకుంది ఆయన ప్రతిపాదనతోనే. 1992లో స్వతంత్ర ఉక్రెయిన్ దాన్నే మళ్ళీ తెచ్చుకుంది. 1996లో వచ్చిన కరెన్సీకి రుస్ కాలపు హ్రివ్నా పేరే పెట్టుకుంది.

నా అభిప్రాయం అడిగితే, 11వ శతాబ్దపు కీవ్ రైతు తనను ఉక్రేనియన్ అనుకోలేదు, రష్యన్ అని అంతకంటే అనుకోలేదు. ఇలాంటి చిక్కు మనకూ ఉంది. శాతవాహనులు ఎవరివారు? మహారాష్ట్రవాళ్ళు పైఠాన్ చూపిస్తారు. మనం కోటిలింగాల, అమరావతి చూపిస్తాం. వారి శాసనాలేమో ప్రాకృతంలో ఉన్నాయి. కానీ శాతవాహనుల పేరు చెప్పి నాసిక్ వాళ్ళు అమరావతి మీదికి ఫిరంగులతో వస్తే దాన్ని చరిత్ర పరిశోధన అనం కదా. రుస్ వారసత్వంలో బెలారస్‌కు, రష్యాకు కూడా వాటా ఉండవచ్చు. కీవ్‌లో ఉంటున్నవాడికి లేదనడం మాత్రం కుదరదు.

ఆమ్‌స్టర్‌డామ్ కేసు

2014 ఫిబ్రవరిలో క్రిమియాలోని నాలుగు మ్యూజియాల వస్తువులు ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రదర్శనకు వెళ్ళాయి. సిథియన్ బంగారంతో పాటు ఎక్కడో చైనా నుండి క్రిమియా దాకా వచ్చిన లక్క పెట్టెలు కూడా వాటిలో ఉన్నాయి. ప్రదర్శన నడుస్తుండగానే మార్చిలో రష్యా క్రిమియాను కలిపేసుకుంది. ఇప్పుడు వస్తువులు ఎవరికి పంపాలి? క్రిమియా మ్యూజియాలు మాకే అన్నాయి, ఉక్రెయిన్ ప్రభుత్వం మాకే అంది. ఈ లోగా యుద్ధం వచ్చింది. 2022లో మెలితొపోల్ మ్యూజియంలో దాచిన సిథియన్ బంగారాన్ని రష్యా సైనికులు వెతికి పట్టుకుపోయారు, నవంబరు నాటికి ఖెర్సోన్ మ్యూజియాన్నీ ఖాళీ చేశారు.

ఆమ్‌స్టర్‌డామ్ కేసు 2016లో కింది కోర్టులో, 2021లో అప్పీలు కోర్టులో ఉక్రెయిన్‌కు అనుకూలంగా వచ్చి, 2023 జూన్ 9న నెదర్లాండ్స్ సుప్రీంకోర్టులో ముగిసింది. సిథియన్ల మనవలు ఎవరనే ప్రశ్న మీద ఆ తీర్పు ఆధారపడలేదు. ఆ వస్తువులు ఉక్రెయిన్ రాజ్యపు సాంస్కృతిక సంపదలో భాగం కాబట్టి ఆ దేశపు మ్యూజియం చట్టం వర్తిస్తుందని తేల్చారు. 2023 నవంబరులో 565 వస్తువులు లారీలో కీవ్ చేరాయి.